పుక్కిట నీళ్లు

బొమ్మలేసే పని నేర్చుకుంటామని ఇప్పటికీ ఎవరో ఒకరు కోరుట్లలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. బ్రష్షుల గురించి అడుగుతారు, ఏ డబ్బా రంగు ఎండకు నిలబడుతుందని అడుగుతారు, ముక్కు గీయడం ఎలాగని అడుగుతారు. అవన్నీ చేస్తూ పోతే చేతికి వచ్చేవే. నేను చెప్పేది నీళ్ల గురించి. రంగులో కలిపే నీళ్లు కావు, నోట్లో పోసుకునే నీళ్లు. ముసలాయనకు మతి తప్పిందనుకుని కొందరు మర్యాదగా చాయ్ తాగి వెళ్లిపోతారు. వెళ్లకుండా కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను బోర్డు ఆర్టిస్టును. పేరు నర్సయ్య. దుకాణాల బోర్డులు, బండ్ల నంబరు ప్లేట్లు, గోడల మీద విత్తనాల ప్రకటనలు, గుళ్లకు రంగులు, ఎన్నికలొస్తే గుర్తులు, పోయినవాళ్ల బొమ్మలు, ఏది వస్తే అది వేశాను. ఫ్లెక్సీలు వచ్చి అక్షరాల పనిని తినేశాక బొమ్మలతో బతికాను. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వమన్నాక మానేశాను. ఎవరి మీదా కోపం లేదు. ఫ్లెక్సీ మీద మాత్రం కొంచెం ఉంది.

మొన్న చలి మొదలైన రోజుల్లో ముస్తాబాద్ వైపు ఒక పల్లె నుంచి దీవెన అనే అమ్మాయి వచ్చింది. సిరిసిల్లలో నేను వేసిన ఒక పాత గోడ కింద నా సంతకం చూసి, అడుగుతూ అడుగుతూ బస్సులు మారి వచ్చింది. సార్ అంటే వద్దన్నాను, నేనేం బడిపంతులును కాదు కదా. అప్పటి నుంచి కాకా అంది.

"కాకా, నాకు చెయ్యి మంచిగనే అస్తది. పనే ముందటికి పోతలేదు. మా ఊరి చర్చిల ఎనుక గోడకు కాపరి బొమ్మ ఎయ్యమన్నరు. ఏరు, గొర్రెలు, గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసుప్రభువు. ఎప్పుడో షురూ జేసిన. ప్రభువు మొకం ఎన్నిసార్లు తుడిచిన్నో నాకే ఎరుకలేదు."

"తుడిస్తే తుడిచినవ్, మల్ల ఎయ్యి. తొందరేంది?"

"క్రిస్మస్ లోపట గాకపోతే మా అమ్మ నన్ను సిరిసిల్లల కుట్టుమిషన్ల పనికి పంపుతది. మా వాడకట్టు అక్కకు మాట గూడ ఇచ్చింది. మిషన్ పని చెయ్యనని గాదు కాకా. గని గీ గోడ మీద ఓడిపోయి పోవుడు నాకిష్టం లేదు."

ఓడిపోయి పోవడం ఇష్టం లేదన్న ఆ మాట నాకు నచ్చింది. కుట్టుపని తక్కువ పనేం కాదు, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ తన చేతిలో ఏముందో తేల్చుకోకుండానే ఒక పిల్ల బ్రష్షు కింద పెట్టేస్తే అది బతుకంతా గుచ్చుకుంటుంది.

ఇది చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో ఫోను మెరుస్తూనే ఉంది. మెరిసినప్పుడల్లా కన్ను అటు పోయి వస్తోంది. ఫోనును తిట్టడం మా వయసువాళ్లకు చాలా సులువు. మా కాలంలో ఫోన్లు లేవు, అయినా మా చేతులూ చెడ్డాయి. ఆమెకు ఫోను సంగతి కాకుండా సైకిల్ టాక్సీ సంగతి చెప్పాను.

తిన్నపతి

నేను పని నేర్చుకుంది జగిత్యాలలో, గడియారం టవర్ దగ్గర, ఖాదర్ ఉస్తాద్ చేతి కింద. సన్నటి మనిషి, గడ్డానికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. మొదటి రోజు చూసినప్పుడు ఆయన బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. పాపం పన్ను నొప్పి అనుకున్నాను. అక్షరం పూర్తయ్యాక గుటుక్కున మింగి, అప్పటిదాకా వెనకాల నిలబడ్డ మనిషివైపు తిరిగి, "ఆఁ, సలాం భాయ్, ఏమంటున్నవ్?" అన్నాడు. అప్పుడు తెలిసింది, అది నొప్పి కాదు, నీళ్లు. పక్కనే సీసా ఉండేది. పెద్ద గీత గీసే ముందు ఒక గుక్క పుక్కిట పట్టేవాడు. టవర్ చుట్టుపక్కల వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఉస్తాద్ బుగ్గలు ఉబ్బి ఉంటే ఆగేవారు, తగ్గితే పలకరించేవారు.

ఇదంతా నాకు ముసలివాళ్ల చాదస్తంలా కనిపించింది. నాకు మీసం వచ్చిన కొత్త, అక్షరం వచ్చిన కొత్త. ఒకనాడు సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణానికి బోర్డు రాయాలి. యజమాని పేరు తిరుపతి, దుకాణం పేరు తిరుపతి సైకిల్ టాక్సీ. ఉస్తాద్ నమాజుకు వెళుతూ సుద్దతో గీతలు కొట్టి ఉంచమన్నాడు. సుద్ద నాకెందుకని నేరుగా రంగు డబ్బా తెరిచాను.

'తి' బ్రహ్మాండంగా వచ్చింది. అంతలో వెనక నుంచి మా ఊరాయన ఒకడు పోతూ పలకరించాడు.

"ఏం నర్సిగా, తిన్నవా?"

"ఆఁ, తిన్న."

జవాబిచ్చి పని చేసుకుంటూ పోయాను. ఉస్తాద్ వచ్చేసరికి బోర్డు మీద 'తిన్నపతి' అని ఉంది. నోరు తిన్న అంది, చెయ్యి న్న రాసింది. అప్పుడే సీసా ఎత్తి గుక్క పట్టిన ఉస్తాద్ ఆ బోర్డు చదివి నవ్వు ఆపుకోలేక ఆ నీళ్లన్నీ నా చొక్కా మీద కక్కాడు.

తిరుపతికి మాత్రం నవ్వు రాలేదు. "నేనేం తిన్ననయ్యా? ఎవలది తిన్న?" అని పంచె ఎగ్గట్టి వచ్చాడు. కిరోసిన్ గుడ్డతో బోర్డు మీది పేరు అప్పుడే తుడిచేశాను. ఊరి నోట్లో ఉన్న పేరు తుడవడం ఎవరి తరం? ఆయన సైకిళ్లు అమ్మేసి కిరాణం పెట్టుకున్నా తిన్నపతి సేటే.

ఆ సాయంత్రం ఉస్తాద్ నా చేతికి సీసా ఇచ్చాడు.

"నోరు, చెయ్యి అన్నదమ్ములురా బేటా. ఒకడు పోయిన తొవ్వల్నే ఇంకొకడు పోతడు. పనిజేసెటప్పుడు ఒకన్ని ఇంట్ల కూసోబెట్టాలె."

మన దగ్గర తిన్నవా అని అడిగితే జవాబివ్వకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలుసు. మాట్లాడకపోతే వీనికి మస్తు పొగరు అంటారు. పని చెడిపోయినా సరేగానీ పలకరింపు చెడకూడదు. ఉబ్బిన బుగ్గల మీద మాత్రం ఎవరికీ కోపం రాదు. నీళ్లు పట్టుకుని తల ఊపితే అది మర్యాదే. రోడ్డు మీద పని చేసేవాడికి తలుపులుండవు కాబట్టి ఉస్తాద్ తన నోటికే తలుపు పెట్టుకున్నాడు.

ఆయన దగ్గర ఇంకో మాట కూడా ఉండేది. సుద్దతో గీసినంతసేపూ పిలిచి మరీ అందరికీ చూపించేవాడు. చాయ్ అమ్మేవాడు, రిక్షావాడు, బడిపిల్లలు, ఎవరైనా సరే. వత్తు తప్పింది, అక్షరం వాలింది, ఎవరేం చెప్పినా వినేవాడు, దిద్దేవాడు. ఒకసారి రంగు డబ్బా మూత తెరిచాడంటే ఇక సాక్షాత్తు బోర్డు యజమాని వచ్చినా వినడు. "సుద్ద ఊరిది, రంగు నాది" అనేవాడు. ఎంతోమంది ఆర్టిస్టులు చెడిపోయింది ఇది తారుమారు చేసుకునే. సుద్దప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వరు, రంగు వేస్తూ ఊరందరినీ అడుగుతారు.

మగ్గాల చప్పుడు

ఏకాగ్రత అనగానే జనం నిశ్శబ్దం అంటారు. నేనూ నమ్మాను. కోరుట్లలో సొంతంగా పని మొదలుపెట్టాక, బొమ్మలు వేయడానికి ఊరి చివర ఒక గది కిరాయికి తీసుకున్నాను. పిట్ట కూత తప్ప ఏదీ వినపడదు. ఆ గదిలో నేను వేసిన బొమ్మలకంటే పోయిన నిద్రలే ఎక్కువ. నిద్ర రానప్పుడు పాత తగాదాలు గుర్తొచ్చేవి, మా బావమరిది అన్న మాటలకు అప్పుడివ్వని జవాబులు ఇప్పుడు తయారుచేసుకునేవాణ్ణి. బయట చప్పుడు లేకపోతే లోపల చప్పుడు మొదలవుతుంది. దానికి ఏ తలుపూ అడ్డం రాదు.

అలాంటప్పుడు సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు గోడకు బొమ్మ వేసే పని వచ్చింది. దీవెన చూసిన గోడ అదే. నూలు వడికే ఆడమనిషి బొమ్మ. లోపల మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే గోడ మీద పెట్టిన అరచెయ్యి కూడా వణికేది. యజమాని ఏదో చెప్పడానికి వచ్చేవాడు, నోరు కదిలేది, మాట వినపడేది కాదు. నేను తల ఊపేవాణ్ణి. ఆయన సంతోషంగా వెళ్లిపోయేవాడు. ఆయన ఏం చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు, బొమ్మ మాత్రం ఆయనకు చాలా నచ్చింది.

ఆ షెడ్డులో నీళ్ల అవసరమే పడలేదు. నా బతుకులో నేను వేసిన మంచి బొమ్మల్లో అదొకటి. చప్పుడు మనిషిని చెడగొట్టదు, మనల్ని ఉద్దేశించి వచ్చే మాట చెడగొడుతుంది. వెయ్యి మగ్గాలు మొత్తుకున్నా చెయ్యి చెదరదు, "నర్సన్నా" అని ఒక్క పిలుపు వస్తే చెదురుతుంది. ఇప్పటి పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పని చేస్తుంటే పెద్దవాళ్లు తిడతారు. నేను తిట్టను. పాట వాళ్లను పేరు పెట్టి పిలవదు. ఫోను పిలుస్తుంది.

మూడ్ రాలేదు అనేవాళ్లను మాత్రం తిడతాను. బ్రష్షు కడిగి, రంగు కలిపి, చేతులకు అంటించుకున్నాక కూడా రాని మూడ్ ఇంట్లో పడుకుంటే వస్తుందా? షెడ్డులో ఒక మంచి అలవాటు కూడా అబ్బింది. మగ్గాలు ఆగే వేళకు నేనూ ఆగాలి, చీర కొంగు సగంలో ఉన్నా సరే. మర్నాడు వచ్చేసరికి ఆ సగం కొంగు చూసి చెయ్యి ఊరుకునేది కాదు. ఎక్కడ మొదలుపెట్టాలన్న చింతే లేదు. అప్పటి నుంచి ఏ రోజు పనీ ఆ రోజుకు పూర్తిచేసి నిలపలేదు.

దుబాయ్ నెమలి

ఇబ్రహీంపట్నం దగ్గర గంగారెడ్డి అనే రైతు దుబాయ్‌లో పని చేసేవాడు. ఇంటి ముందు ప్రహరీకి నెమలి బొమ్మ వేయించమని భార్యకు చెప్పాడు. అప్పటికే వీడియో కాల్ వచ్చేసింది. నేను నిచ్చెన మీద, ఆవిడ కింద నిలబడి ఫోను ఎత్తి పట్టుకుని, అటు గంగారెడ్డి, ఆయన వెనక క్యాంపులో ఆయనతోపాటు ఉండే మనుషులు. వాకిట్లో ఉడకబెట్టిన పసుపు ఎండుతోంది, ఆ వాసనకే నాకు సగం తల తిరుగుతోంది.

"నర్సన్నా, మెడ జర పొడుగు జెయ్యే."

చేశాను. వెనక నుంచి ఇంకెవరో తోక పైకి లేవాలన్నారు. లేపాను. తురాయి పెద్దది కావాలన్నారు. పెంచాను. మరొకాయన కాళ్లు బలంగా ఉండాలన్నాడు. పదిమంది చేతిలో పాము చావదంటారు, నా నెమలి మాత్రం చచ్చింది. మూడో రోజుకు గోడ మీద పందెం కోడిలాంటిదేదో నిలబడింది.

గంగారెడ్డి చాలాసేపు చూసి, "గిదేం పక్షి?" అన్నాడు.

ఆవిడకు ఒళ్లు మండింది. మొగుడి మీదో నా మీదో నాకు తెలియలేదు. ఫోను పెట్టేసి, "అన్నా, ఇగ నెట్ లేదని జెప్త. నువ్వు నీకచ్చిన నెమలిని ఎయ్యి. దుబాయోళ్ల నెమలి మనకద్దు" అంది.

సున్నం పూసి మళ్లీ మొదలుపెట్టాను. ఆ గోడ ముందు నీళ్లు పుక్కిట పట్టి, ఒక్క మనిషి మాట వినకుండా వేశాను. సెలవు మీద వచ్చినప్పుడు గంగారెడ్డి కొత్త చొక్కా వేసుకుని ఆ నెమలి ముందు ఫొటో దిగి నాకు పంపాడు. "నేను చెప్పినట్టే ఏసినవే" అని కింద రాశాడు. రాసుకోనీ.

గొర్రెలు ఎవరివి

ఇవన్నీ దీవెనకు చెప్పి, గోడ చూడటానికి వస్తానన్నాను. తర్వాతి వారం సిరిసిల్లలో దిగి, ముస్తాబాద్ ఆటో పట్టుకుని వెళ్లాను.

చిన్న చర్చి, రేకుల కప్పు, లోపల సున్నం వాసన. గోడ మీద ఏరు బాగుంది. కొండలు బాగున్నాయి. నడుమ ప్రభువు అంగీ ఉంది, గొర్రెపిల్ల ఉంది, దాన్ని పట్టుకునే చేతుల చోటూ, ముఖం చోటూ తుడిచి తుడిచి బూడిద రంగు మరకలున్నాయి. ఎదురుగా స్టాండుకు ఫోను బిగించి ఉంది. వేస్తున్నదంతా దానిలో పడుతుంది, పడింది లోకానికి పోతుంది, లోకం ఏమందో చూడటానికి ఆమె దిగి వస్తుంది. గొర్రెలను కూడా ఫోనులో చూసే వేసింది. ఉన్ని మూటల్లా ఉన్నాయి, మన ఎండకు అవి బతకవు.

"ఊరినిండ గొర్రెలు పెట్టుకోని ఫోన్ల ఎతుకుతున్నవేందే?" అన్నాను.

అంతలో దీవెన తల్లి రాజవ్వ వచ్చింది. కూలికి పోయి అటునుంచి అటే వచ్చిన మనిషి, కొంగుకు ఇంకా పత్తి దూది అంటుకుని ఉంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"అచ్చిండ్రా సారు? జర మీరన్న చెప్పుండ్రి దీనికి. నిన్న మొకం మంచిగుండె, ఇయ్యాల తుడిచింది. పాస్టరయ్య గడ్డం పెద్దగుండాలన్నడు, నేను కండ్లు పెద్దగుండాలన్న, దీని దోస్తులు ఫోన్ల ఏమన్నరో ఏమో. నా నడుము ఇగ వంగుతలేదు సారు. నేను మంచంల పడ్డంక ఇది గోడలు గీకితే ఎట్ల? మిషన్ పనైతే నీడపట్టున ఉంటది."

పక్కింటి నుంచి తెచ్చిన చాయ్ గ్లాసు నాకు ఇస్తుంటే ఆమె చెయ్యి చూశాను. కుడి చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవదు, బయటికి వంగి విడిగా ఉంటుంది. ఎప్పుడో వరి కోస్తుంటే కొడవలి తగిలిందట. ఆమె మాటలు నాకు తప్పనిపించలేదు. బిడ్డ నీడపట్టున ఉండాలనుకునే తల్లితో ఏం వాదిస్తాం?

దీవెనను బయటికి తీసుకెళ్లి సీసా చేతికిచ్చాను. వాగు దిక్కు నుంచి మంద ఇంటికి మళ్లుతోంది. ఎర్రవి, నల్లవి, చెవులు వేలాడేవి. వాటిని చూస్తూ నిలబడింది ఆ పిల్ల. తర్వాత అంది:

"కాకా, నీళ్లు నోట్లుంటే మంది అడిగినా మనం మాట్లాడరాదు, గంతే గదా మీరు చెప్పేది?"

"గంతే."

"గని నన్నెవ్వలు అడుగుతలేరు కాకా. నేనే అడుగుతున్న. రెండు గీతలు గీస్త, ఎట్లున్నదని మా అమ్మనడుగుత. గీసి ఫోన్ల పెడ్త, ఎట్లున్నదని వాళ్లనడుగుత. నీళ్లు నోట్లుంటే ఎట్లున్నది అని అడగరాదు."

నేను బిత్తరపోయాను. ఇన్నేళ్లు ఆ నీళ్లు పట్టాను, అది ఊరి నోటికి అడ్డమనుకున్నాను. ఉస్తాద్ తలుపు పెట్టింది బయటివాళ్లకు కాదేమో, లోపల ఉన్నవాడు మాటిమాటికీ వాకిట్లోకి వచ్చి నేను బాగున్నానా అని అడగకుండా పెట్టుకున్నాడేమో. సుద్ద ఊరిది, రంగు నాది అనడంలో కూడా ఉన్నది అదే కదా. చెప్పినవాడు నాకు విడమర్చి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ పిల్లకు మంద ఇంటికి చేరేలోపల తట్టింది. నాకు భలే సంతోషమేసింది, కొంచెం సిగ్గు కూడా వేసింది.

"మరి ఫోను?" అన్నాను.

"నోట్ల నీళ్లున్నా ఫోన్ల రాయొచ్చు కాకా, మీకు తెల్వదు" అని నవ్వింది. "మా అమ్మ కొంగుల కడ్త. ఆమె చేన్లకెళ్లి అచ్చేదాక అది గూడ కూలికి పోతది."

ఆ మరుసటి రోజు ఊరందరినీ పిలిచి సుద్దతో గీసి చూపించమన్నాను. గొర్రెలు తెల్లగా ఉండాలా మన ఊరివిలా ఉండాలా అని అక్కడ పెద్ద గొడవే జరిగిందట. చివరికి నడుమ రెండు తెల్లవి, చుట్టూ మనవి అని తీర్మానమైంది. కాపరి గొంగడి కప్పుకోవాలని ఒక ముసలాయన పట్టుబట్టాడట. అదీ ఒప్పుకుంది. గడ్డం ఎంతుండాలో పాస్టరయ్య చేతే సుద్దతో గీయించింది. ఎవరి మాటా కాదనలేదు. సుద్ద ఊరిదే కదా.

చిటికెన వేలు

క్రిస్మస్ ఇంకా కొద్ది రోజులు ఉందనగా మళ్లీ వెళ్లాను. పిలవలేదు, నా మనసు ఆగక వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. చర్చి తలుపు తెరిచే ఉంది. డ్రమ్ముల మీద పలకలు వేసుకుని దీవెన పైన నిలబడి ఉంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. నా చెప్పుల చప్పుడు విని ఒకసారి చూసి, తల ఊపి, గోడవైపు తిరిగిపోయింది. నాకు ఉస్తాద్ గుర్తొచ్చాడు. కళ్లు తడిశాయి, ఎందుకు దాచుకోవాలి.

ముఖం పూర్తయింది. కళ్లు పెద్దవీ కావు, చిన్నవీ కావు. అసలు మనల్ని చూడనే చూడవు. కిందికి దించి గొర్రెపిల్లను చూస్తున్నాయి. ఎవరూ ఇవ్వని సలహా అది. నేనైతే ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు, కళ్లు జనం వైపే పెట్టి ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆమె గొర్రెపిల్ల కడుపు కింద ప్రభువు చెయ్యి వేస్తోంది. నేను గోడవారగా బెంచీ మీద కూర్చున్నాను.

కొంతసేపటికి రాజవ్వ వచ్చింది. వస్తూనే గడప దగ్గరే అందుకుంది.

"దీవెనా, గా మిషన్లక్క అచ్చే సోమవారమే రమ్మంటున్నదే, ఆటో గూడ మాట్లాడింది, నేనేం చెప్పాలెనో..."

అక్కడితో మాట ఆగిపోయింది. రాజవ్వ మాట నడిమధ్యలో ఆగడం నేను అప్పుడే చూశాను. ఆమె గోడకేసి చూస్తోంది. నేనూ చూశాను. గొర్రెపిల్లను పట్టుకున్న ఆ కుడి చేతికి నాలుగు వేళ్లు ఒకచోట ఉన్నాయి, చిటికెన వేలు విడిగా బయటికి వంగి ఉంది.

రాజవ్వ మెల్లగా తన చెయ్యి ఎత్తి చూసుకుంది. మళ్లీ గోడను చూసింది. దీవెన తిరగలేదు. ఎట్లున్నది అని అడగలేదు. పుక్కిట నీళ్లతోనే ఆ వేలి గోటికి వెలుగు అద్దుతోంది.

ప్రభువు చేతికి కూలి మనిషి వేలేమిటని రేపు ఎవరైనా అనవచ్చు. ఆయనా వడ్రంగి ఇంట్లో పెరిగినవాడే, ఉలి తగలని వేళ్లు ఆయనకు మాత్రం ఉంటాయా అని నేను అప్పుడే జవాబు తయారుచేసి పెట్టుకున్నాను. ఆ జవాబు అవసరం రాలేదు.

ఇంతలో బయట చెప్పుల చప్పుడైంది. ఆ మిషన్ల పని చేసే అక్కే, జవాబు కోసం వెనకాలే వచ్చినట్టుంది. గడపలో నిలబడి పిలిచింది.

"ఏమైందే రాజవ్వ? సోమవారం పంపుతున్నవా లేదా బిడ్డను? ఆటోకు చెప్పాలె."

దీవెన చేతిలో బ్రష్షు ఆగింది. సోమవారానికి ఈ గోడ పూర్తవుతుందేమో కానీ, ఆటో ఎక్కిన పిల్ల మరో గోడ దగ్గరికి వస్తుందో రాదో ఎవరికి తెలుసు.

రాజవ్వ ఆ అక్కవైపు చూసింది. నోరు తెరిచింది. తర్వాత ఏమనుకుందో, వంగి పలక కింద ఉన్న నీళ్ల సీసా అందుకుంది. మూత తీసి గుక్క పట్టింది. బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, గోడకు ఎదురుగా నేల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఏందే, అడుగుతుంటే నీళ్లు తాగుతున్నవ్? పంపుతవా, పంపవా?"

రాజవ్వ తల అడ్డంగా ఊపింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోట్లోంచి చుక్క రానివ్వలేదు. ఆ అక్క లోపలికి రెండడుగులు వేసి, గోడను చూసి, రాజవ్వను చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

పైన బ్రష్షు మళ్లీ కదిలింది.

నాకు "మంచిగున్నది బిడ్డా" అనాలని నోరు ఒకటే దురద పెట్టింది. సీసా చూస్తే రాజవ్వ ఒళ్లో ఉంది. ఇక అక్కడ ఉంటే అనేస్తానని చెప్పులు తొడుక్కుని ముస్తాబాద్ ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.